కాళ్లు కింద పెట్టడం

మాది కోనసీమ. ఇంటి ముందు రోడ్డు, రోడ్డు పక్కన కాలువ, కాలువ అవతల కొబ్బరితోట. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక మా వైపు నీళ్లకి కొదవ లేదంటారు. నిజమే. బుద్ధెరిగినప్పట్నుంచీ రోజూ నీళ్లు చూస్తూనే పెరిగాను. ఈత మాత్రం 57 ఏళ్లు వచ్చాక, డాలస్ శివార్లలో, పైకప్పున్న ఓ కొలనులో నేర్చుకున్నాను. నేర్చుకున్నాననడం కాస్త ఎక్కువే. ఎంతవరకు వచ్చిందో తర్వాత చెబుతాను.

మా ఊళ్లో మగపిల్లలు లాకుల మీంచి దూకేవారు, గేదె తోక పట్టుకుని కాలువ దాటేవారు. మా అన్నయ్య వీపుకి చిన్నాన్న రెండు ఎండు సొరకాయ బుర్రలు కట్టి రేవులోకి తోశాడు. నాలుగు రోజులయ్యాక ఒకటి విప్పేశాడు, వారానికి రెండోదీ విప్పేశాడు. అంతటితో చదువు పూర్తి. మేం ఆడపిల్లలం రేవు మెట్ల మీద బట్టలుతుక్కునేవాళ్లం, మొలలోతు నీళ్లలో నిలబడి ముక్కు మూసుకుని మూడు మునకలు వేసేవాళ్లం. ఇంకో అడుగు ముందుకేస్తే గట్టు మీంచి నాయనమ్మ కేక. ఆ రేవుల్లో కూడా ఏది ఎవరిదో ఎవరూ బోర్డు పెట్టలేదు. అయినా ఊళ్లో పుట్టిన ప్రతి పిల్లకీ తెలుసు.

అమ్మాయి దగ్గరికని ఆర్నెల్లకి అమెరికా వెళ్లాను. వెళ్లొచ్చిన మా ఈడు వాళ్లకి చెప్పక్కర్లేదు: శనాదివారాలు పండగ, మిగతా అయిదు రోజులూ గోడలు. కారు నడపడం రాదు. నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్నది రిక్రియేషన్ సెంటర్ ఒక్కటే. మున్సిపాలిటీ వాళ్లే నడుపుతారు. బాస్కెట్‌బాల్ కోర్టు, మట్టి పాత్రలు చేయడం నేర్పే గది, పెద్దవాళ్లు పేకాడుకునే గది, మేడ మీద గుండ్రంగా నడిచే దారి, కింద ఈతకొలను. తొమ్మిది దాటాక ఆ నడక దారిలో చూస్తే సగం మంది మనవాళ్లే. చీర, పైన స్వెట్టరు, కాళ్లకి అల్లుడు కొనిపెట్టిన బూట్లు. అద్దాల్లోంచి కింద కొలను కనబడుతూ ఉంటుంది. అందరం చూస్తాం, ఎవరం దిగం.

నన్ను దింపింది మా అల్లుడు. హైదరాబాద్‌కి చెందిన గోలి శ్యామల గారు 2021లో శ్రీలంక నుంచి పాక్ జలసంధి ఈదుకుంటూ ధనుష్కోటి చేరిన వార్త ఫోన్లో చూపించి, "అత్తయ్యగారూ, ఈవిడ కూడా నలభై దాటాకే ఈత మొదలుపెట్టారట" అన్నాడు. "ఆవిడ సముద్రం దాటారు బాబూ, నేను ఇంటి ముందు కాలువే దాటలేదు" అన్నాను. వినలేదు. కరెంటు బిల్లు పట్టుకెళ్లి, మేం ఆ ఊరివాళ్లమేనని చూపించి, ఊరివాళ్లకిచ్చే తక్కువ రేటుకి ఎనిమిది పాఠాల డబ్బు కట్టేశాడు. డబ్బు కట్టింది మానేయడం మా వంశంలో లేదు.

నూలు బట్టలతో దిగకూడదన్నారు. మెడ నుంచి మడమ దాకా కప్పే ఈతబట్టలు ఉంటాయని అప్పుడే తెలిసింది. మొదటి రోజు తలకి నూనె రాసుకుని వెళ్తే, సబ్బుతో తలంటుకుని రమ్మని వెనక్కి పంపేశారు. కోనసీమ మనిషిని కొబ్బరినూనె వదిలించుకు రమ్మంటే ఎంతసేపు పడుతుందో ఆ పిల్లలకేం తెలుసు! కానీ వాళ్లు చెప్పింది సబబే. ఈతకొలను దగ్గర ముక్కులదిరే వాసన శుభ్రతకి గుర్తనుకునేదాన్ని. ఉత్త క్లోరిన్‌కి అంత ఘాటు ఉండదట. మన చెమటా, మరీ చెప్పకూడనిదీ దాంతో కలిసినప్పుడు పుట్టే వాసనట అది. ఎంత ఘాటుంటే అంతమంది స్నానం చేయకుండా దిగారన్నమాట.

నేర్పే అమ్మాయికి పందొమ్మిదేళ్లు. కాలేజీలో చదువుకుంటూ సాయంత్రాలు ఈ పని చేస్తోంది. చేతిలో అట్ట చూసి నన్ను పేరు పెట్టి పిలిచింది. ఒక్క క్షణం ఎవరినో అనుకున్నాను. అమ్మా, అత్తయ్యగారూ, వదినా, పిన్నీ, అమ్మమ్మా, మేడమ్... ఇన్ని పిలుపులున్నాయి గానీ, ఉత్త పేరుతో పిలిచేవాళ్లు అన్నయ్య పోయాక నాకు మిగల్లేదు.

మొదటి పాఠం బుడగలు. మొహం నీళ్లలో పెట్టి ముక్కుతో గాలి వదలాలి. నాది ముక్కు మూసుకుని మునిగే అలవాటు, అదీ ఇన్నేళ్ల కార్తీక స్నానాలతో గట్టిపడ్డది. చెయ్యి దానంతటదే ముక్కు మీదకి పోయేది. గొంతులో సన్నగా కూనిరాగం తీస్తూ ఉండమంది. కూనిరాగం తీస్తున్నంతసేపూ ముక్కులోంచి గాలి బయటికే పోతుంది, నీళ్లు లోపలికి రావు. నేను రాగం మానేసి ఓంకారం అందుకున్నాను. మకారం దగ్గర ఎంతసేపు ఆగితే అన్ని బుడగలు. ఆ పిల్ల మెచ్చుకుంది.

మూడో పాఠానికి బోర్లా తేలడం వచ్చింది. అసలు ఇబ్బంది అక్కడ మొదలైంది. తేలాను సరే, లేవడం ఎలా? నేనున్నది మూడున్నర అడుగుల నీళ్లు. గోడ మీద అంకె వేసి ఉంది, చదివాను కూడా. అయినా లేవాలనిపించిన మరుక్షణం తల పైకెత్తాను. తల ఎత్తగానే కాళ్లు వెనక్కి జారాయి, మొహం మళ్లీ నీళ్లలో పడింది. మళ్లీ ఎత్తాను, మళ్లీ జారాయి. పలక మీద నూనె పోసినట్టుంది అడుగు. రెండు గుక్కలు మింగాక ఆ పిల్ల చంక కింద చెయ్యి వేసి నిలబెట్టింది. ఈతకి మించిన లోతు లేదని మనకో సామెత. ఈత వచ్చినవాళ్లు చెప్పిన సామెత అది. రానివాళ్లకి మొలలోతే సముద్రం.

ఆ రోజు మిగిలిన పాఠమంతా నిలబడటమే నేర్పింది. ముందు మోకాళ్లు పొట్టలోకి ముడుచుకోవాలి. చాచిన చేతుల్ని, అరచేతులు కిందికి పెట్టి, తుంటి వైపుకి నొక్కాలి. అప్పుడు తుంటి కిందికి దిగుతుంది, పాదాలు వాటంతటవే ఒంటి కిందికి వస్తాయి. అడుగు తగిలాక, ఆఖర్న, తల ఎత్తాలి. నేను సరిగ్గా తలకిందులుగా చేస్తున్నాను. ఊపిరితిత్తుల్లో గాలి ఉంటుంది కాబట్టి ఛాతీ తేలుతుంది, బరువంతా తుంటి దగ్గర ఉంటుంది కాబట్టి కాళ్లు దిగుతాయి. మనిషి నీళ్లలో ఓ తక్కెడ. తల ఎంత ఎత్తితే కాళ్లు అంత కుంగుతాయి గానీ, మన కిందికి మాత్రం రావు. పన్నెండుసార్లు తేలాను, పన్నెండుసార్లు నిలబడ్డాను. చివరి రెండు మూడుసార్లు ఎవరూ పట్టుకోలేదు.

ఆ తర్వాత భయం ఎటు పోయిందో నాకు తెలీదు. నేను ఇన్నాళ్లూ భయపడింది మునగడానికి అనుకున్నాను. కాదు, కాళ్లు కింద పెట్టడం తెలియక భయపడ్డాను. ఈత నేర్పేవాళ్లు తేలడం కంటే ముందు ఇది నేర్పాలి. మా చిన్నాన్న మంచివాడే గానీ మంచి మాస్టారు కాదు.

మా తరగతిలో అయిదుగురం. అందులో ఒకావిడ నల్లజాతి ఆవిడ, నాకంటే తొమ్మిది పదేళ్లు పెద్ద, మిసిసిపీలోని జాక్సన్ నగరంలో పుట్టి పెరిగింది. బట్టలు మార్చుకునే గదిలో జుట్టు పిండుకుంటుంటే చెప్పింది. తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ పార్కులూ కొలనులూ విడివిడిగా పెట్టడం చెల్లదని 1960ల మొదట్లో కోర్టు చెప్పింది. ఊరి పెద్దలు పార్కులు కలిపారు. కొలనుల దగ్గరికి వచ్చేసరికి, కలిసి ఈదడం కంటే మూసేయడమే మేలనుకున్నారు. కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. అందరికీ మూసేశారు కాబట్టి అందులో వివక్ష లేదని 1971లో తీర్పు వచ్చింది. అయిదుగురు అటు, నలుగురు ఇటు. అమ్మకి ఈత రాదు కాబట్టి తనని నీళ్ల దగ్గరికి పోనివ్వలేదట. తనకి రాదు కాబట్టి తన పిల్లల్ని పోనివ్వలేదట. ఇప్పుడు మనవరాలు బడిలో ఈత పోటీల్లో చేరింది. గట్టు మీద కూర్చుని వణుకుతూ చూడలేక వచ్చింది.

వాళ్ల ఊళ్లో కొలను మూసేశారు. మా కాలువని ఎవరూ మూయలేదు, నాకోసం తెరవనూ లేదు. ఎక్కడో పుట్టిన ఇద్దరం అమ్మమ్మలం పక్కపక్కన గోడ పట్టుకుని కాళ్లు తపతపలాడించాం. ఆవిడ నాకంటే ముందే నేర్చుకుంది. నాకు కాస్త కుళ్లు కూడా.

ఎంతవరకు వచ్చిందో చెబుతానన్నాను కదా. ఆ కొలను పొడవు 25 గజాలు, మీటర్లలో 23కి తక్కువ. ఎనిమిదో పాఠం రోజున ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్లాను. మధ్యలో రెండుసార్లు ఆగాను. రెండుసార్లూ నా కాళ్ల మీద నేనే నిలబడ్డాను.

తిరిగొచ్చాక అలవాటు పోకూడదని, ఇప్పుడు నేనుంటున్న పట్నంలో ఓ మున్సిపల్ కొలనుకి వెళ్లి అడిగాను. కొలను బాగానే ఉంది, నీళ్లూ బాగానే ఉన్నాయి. ఆడవాళ్లకి మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా అన్నారు. పైకప్పు లేదు. నేర్పే ఆడమనిషి ఉన్నారా అంటే, "ఎవరూ రావట్లేదు కదండీ, అందుకని పెట్టలేదు" అన్నారు. ఉద్యోగం చేసుకునే ఆడమనిషి, బడికెళ్లే ఆడపిల్ల మిట్టమధ్యాహ్నం ఎండలో ఎలా వస్తారని అడిగితే, పై వాళ్లని అడగమన్నారు. అర్జీ రాసిచ్చి వచ్చాను: ఉదయం ఆరు నుంచి ఏడు, సాయంత్రం ఆరు నుంచి ఏడు, నేర్పడానికి ఓ ఆడమనిషి. ఇంతే అడిగాను.

మీ ఊళ్లో కూడా ఓ కొలను ఉంటే, ఆడవాళ్ల వేళలు ఏమిటో ఈ వారం వెళ్లి కనుక్కోండి. మిట్టమధ్యాహ్నం అంటే మీరూ ఓ కాగితం రాసివ్వండి.