రెంటికీ చెడ్డ రేవడేనా?

రెండు మూడు శాస్త్రాలు కలిపి పరిశోధన చేస్తానంటే 'రెంటికీ చెడ్డ రేవడి' అనేస్తారు మనవాళ్లు. కొంత నిజం లేకపోలేదు. ఉద్యోగ ప్రకటన 'సంబంధిత సబ్జెక్టు' ఏదని అడుగుతుంది గానీ, సబ్జెక్టుల మధ్య సంబంధం అడగదు!

కానీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తెచ్చిన 'మాండలిక వృత్తి పదకోశం' తొలి సంపుటం చూడండి. విషయం వ్యవసాయం, పని భాషాశాస్త్రానిది. నాగలి సంగతి తెలియకుండా నాగలి మాటలు ఏరడం కుదరదు కదా! 1971లో చేనేత సంపుటమూ ఆ బాటనే వచ్చింది.

ఆ లెక్కన మిర్యాలగూడ బియ్యం మిల్లుకు వెళ్దాం. సాగర్ ఎడమ కాలువ నీళ్లు ఇంజనీరింగు. వడ్ల ధర అర్థశాస్త్రం. ఉప్పుడు బియ్యానికి ఆవిరి పట్టడం రసాయనశాస్త్రం. హమాలీల పలుకు భాషాశాస్త్రం. బస్తా మాత్రం ఒక్కటే!

కోశం గనుక అది మాటకు అర్థం చెప్పి ఆగింది. ఆ మాట పలికిన కూలీకి దక్కిందెంతో చెప్పలేదు. ఈనాటి విద్యార్థి అక్కణ్ణించే అందుకోవాలి. రెండు శాస్త్రాలు పక్కపక్కన పెట్టి కుడితే బొంత అవుతుంది గానీ పరిశోధన కాదు. ముందు గట్టి ప్రశ్న ఒకటుండాలి. దానికోసం ఎన్ని గడపలు తొక్కినా రేవడి కాడు.