బిగిసిన చక్రం

సూరత్‌లోని అద్దకం మిల్లుల పాండేసరలో, బ్రేకు పదేపదే పట్టేసే కారు వస్తే నికార్సయిన మెకానిక్ ముందే విడిభాగాలు కొనిపించడు. జాకీ వేసి చక్రం తిప్పి చూస్తాడు. కదలకపోతే కాలిపర్ మీది బ్లీడర్ నిపుల్ కాస్త వదులు చేస్తాడు. బ్రేక్ ఆయిల్ చిమ్మి చక్రం తిరిగిందా, ఒత్తిడి లోపలే చిక్కుకుందన్నమాట: లోపల ఉబ్బిన రబ్బరు హోసో, మాస్టర్ సిలిండరో. తిరగలేదా, తుప్పు పట్టిన పిస్టనో, గ్రీజు ఎండిన పిన్నులో.

అన్నీ ఒకేసారి మార్చేస్తే పోలేదా అంటారు. పోతుంది, డబ్బు! పెడల్ దగ్గర మాస్టర్‌ను నొక్కే పుష్‌రాడ్‌కి సందు లేకపోతే కొత్త కాలిపర్ కూడా పట్టేస్తుంది. ఇలా పరీక్షిస్తే టైము దండగన్న వాదనా నిలవదు. నిపుల్ తిప్పడానికి ఒక స్పానరు, ఒక నిమిషం చాలు. హోసా, మాస్టరా తేలాలంటే మళ్లీ పట్టేసినప్పుడు మాస్టర్ దగ్గరి పైపు నట్టు వదులు చేస్తాడు. చక్రం వదిలితే దోషం మాస్టర్ వైపు, వదలకపోతే హోసులో.