టెలివిజన్ ట్యూనరు, వీడియో కాప్చరు కార్డు: గుణదోష విమర్శ

కంప్యూటరులో బిగించుకొనుటకు టెలివిజన్ ట్యూనరు కార్డు ఏది మంచిదని విద్యార్థులును, ఫోటో స్టూడియోల వారును తరచుగ అడుగుచుందురు. ఆ పేరుతో అమ్ముడగు వస్తువు నిజమునకు రెండు పనులు చేయును. ఆకాశమునుండి గాని కేబులు నుండి గాని వచ్చు ప్రసారములలో కావలసినదానిని ఏరుట మొదటి పని. అట్లు ఏరిన దృశ్యమును, లేదా క్యాసెట్టు యంత్రమునుండి వచ్చు దృశ్యమును, అంకెలుగా మార్చి కంప్యూటరునకు అందించుట రెండవది. శ్రీ సత్యసాయి జిల్లాలోని ఆమడగూరు వంటి ఊరిలో మొదటి పనికి నేడు విలువ పోయినది. రెండవదానికి విలువ పెరిగినది. అమ్మువారి ప్రకటనలు మాత్రము మొదటిదానినే పొగడి, రెండవదానిని చిన్న అక్షరములలో ముగించుచున్నవి. కొనుగోలుదారుడు నష్టపోవుట ఇక్కడనే మొదలగును.

మొదట ట్యూనరు సంగతి చూతము. మన దేశమున దూరదర్శన్ ప్రసారములు 1959లో ఢిల్లీలోను, 1977లో హైదరాబాదులోను ఆరంభమైనవి. రంగుల ప్రసారము 1982లో వచ్చినది. అవి పాల్ అను పద్ధతిలోనివి. ఒక్కొక్క చిత్రమునకు 625 రేఖలు. సెకనుకు 25 చిత్రములు. పాత ట్యూనరు కార్డులమీద కనబడు చిన్న రేకు డబ్బీ ఈ సంకేతములను ఏరుటకే పుట్టినది. కాని కేబులు ప్రసారములు డిజిటల్ పద్ధతికి మారుటకు ప్రభుత్వము విధించిన చివరి దశ గడువు 2017 మార్చి 31. దూరదర్శన్ తన పాతతరహా భూతల ప్రసారిణులలో అత్యధిక భాగమును 2021 నాటికి ఆపివేసినది. అందుచేత ఆమడగూరులో మిద్దెమీద ఎంత ఎత్తున ఏరియలు నిలిపినను పాత కార్డులో కనబడునది తెల్లని చుక్కల వాన మాత్రమే.

డిజిటల్ ట్యూనరు కొన్నచో ఏమగును? దూరదర్శన్ 2016లో 16 నగరములలో భూతల డిజిటల్ ప్రసారములు మొదలిడినది. వానిలో మనకు దగ్గరది బెంగుళూరు. తిన్నగా కొలిచినను అది ఆమడగూరునకు వంద కిలోమీటర్లకు మించిన దూరమున నున్నది. పాత లెక్కన ఎనిమిది ఆమడల దాపు. నడుమ కొండలు, భూమి వంపు ఉండగా ఆ తరంగములు సాధారణముగ ఇంతదూరము రాజాలవు. ప్రైవేటు డి.టి.హెచ్., కేబులు ప్రసారములు తాళము వేసియుండును. వారి పెట్టె లేక కార్డు వానిని విప్పలేదు. ఇక మిగిలినది దూరదర్శన్ వారి ఫ్రీ డిష్. 93.5 డిగ్రీల తూర్పున నున్న జీశాట్-15 ఉపగ్రహమునుండి వచ్చు ఆ ఉచిత ప్రసారములను డి.వి.బి.-ఎస్.2 తరగతి కార్డు, డిష్ సాయముతో, పట్టగలదు. పాఠ్య కార్యక్రమములను రికార్డు చేసికొనదలచిన పాఠశాలకు ఇది ఉపయోగమే. కేవలము చూచుటకైనచో మామూలు సెట్‌టాప్ పెట్టె చాలును.

రెండవ పని ఇంతకంటె ముఖ్యమైనది. మన పల్లెలలో బీరువాల అడుగున వి.హెచ్.ఎస్. క్యాసెట్లు ఇంకను ఉన్నవి. పెండ్లిండ్లు, జాతరలు, గతించిన పెద్దల ముఖములు, వారి మాటలు వానిలో ఉన్నవి. నిమ్మలకుంట వంటి తోలుబొమ్మలాట గ్రామములుగల ఈ సీమలో ఒక రాత్రి ఆటను పట్టిన టేపు దొరికినచో అది ఒక కుటుంబపు ఆస్తి మాత్రమే కాదు. టేపుమీది అయస్కాంతపు పూత కాలక్రమమున చెడును. తేమ తగిలిన బూజు పట్టును. దానిని ఆడించు యంత్రములును కరవగుచున్నవి. జపానుకు చెందిన ఫునాయ్ సంస్థ 2016 జూలైలో వి.సి.ఆర్.ల తయారీని మానినది. బలహీనపడిన టేపు మరి ఎన్నిసార్లు తిరుగునో చెప్పలేము. కనుక మొదటిసారియే సరిగా పట్టవలెను.

సరిగా పట్టుటయన నేమి? పాల్ చిత్రములో కంటికి కనబడు భాగమును 720 నిలువు వరుసలు, 576 అడ్డు వరుసలుగల బిందువులుగా కొలుతురు. బిందువునకు రెండు బైట్ల చొప్పున ఒక చిత్రమునకు 8,29,440 బైట్లు. సెకనుకు 25 చిత్రములకు 2 కోట్ల 7 లక్షల పైచిలుకు. గంటకు సుమారు 75 గిగాబైట్లు. ఇంత ప్రవాహమును పాత పి.సి.ఐ. గాడి సునాయాసముగ మోయును, యు.ఎస్.బి. 2.0 మోయగలదు, సెకనుకు 15 లక్షల బైట్లకు మించని యు.ఎస్.బి. 1.1 మోయలేదు. కొన్ని కార్డులు ఎంపెగ్-2 పద్ధతిలో కుదించి గంటను 3.6 గిగాబైట్లకు తెచ్చును. చోటు మిగులును, కాని విడిచిన వివరము తిరిగి రాదు. నష్టములేని కుదింపుతో మూలప్రతిని దాచి, చూచుటకు వేరొక చిన్న ప్రతి చేసికొనుట ఉత్తమము.

ఇక పెట్టెలమీది మాటలను పరీక్షింతము. “1080 నాణ్యత” అని కొన్నిటిపై అచ్చువేయుదురు. వి.హెచ్.ఎస్. టేపులో అడ్డముగ నిలుచు సూక్ష్మత సుమారు 240 రేఖలు మాత్రమే. మానెడు గింజలను పుట్టెడు గాదెలో పోసినంతమాత్రమున అవి పుట్టెడు కావు. అంతకంటె పెద్ద దోషము వేరొకటి కలదు. పాల్ చిత్రము ఒక్కమారుగ రాదు. బేసి రేఖలు ఒకసారి, సరి రేఖలు ఒకసారి, సెకనుకు 50 అర్ధచిత్రములుగ వచ్చును. కొన్ని చౌక పరికరములు సగము రేఖలను పారవేసి 352, 288 బిందువుల చిత్రము నిచ్చును. అప్పుడు వివరము సగమగును. డప్పుకు తగినట్లు ఆడు బొమ్మ కదలికలోని నునుపు పోవును. ఈ సంగతి ఏ పెట్టెయు చెప్పదు.

పాత టేపు నడక సమముగ ఉండదు. రేఖలు వచ్చు కాలములో తేడాలు వచ్చును. మంచి పరికరము ఆ తేడాలను ఓర్చుకొనును. నాసిరకపుది చిత్రములను జారవిడుచును. గంట గడచునప్పటికి మాట ఒకచోట, పెదవి ఒకచోట నుండును. “ఈజీక్యాప్” అను పేరుతో వచ్చిన యు.ఎస్.బి. ముక్కలలో పైకప్పు ఒకటే యైనను లోపలి చిప్పులు పలురకములు. కనుక పేరును నమ్మి కొనుట చీకటిలో బాణము వేయుటయే. చిప్పు ఏదో తెలిసికొనుటకు మరియొక కారణము కలదు. విండోస్ మారినప్పుడు పాత కార్డులకు డ్రైవర్లు దొరకవు. బ్రూక్‌ట్రీ 878, ఎస్.టి.కె. 1160 వంటి చిప్పులకు లినక్సులో డ్రైవర్లు ఉన్నవి. పి.సి.ఐ. కార్డు కొనువారు తమ మదరుబోర్డుపై ఆ గాడి ఉన్నదో లేదో ముందు చూచుకొనవలెను. కొత్త బోర్డులలో అది అరుదు.

హెచ్.డి.ఎం.ఐ. కాప్చరు పరికరములు వేరు జాతివి. కెమెరాకు, కంప్యూటరు తెరకు అవి తగినవి. వి.సి.ఆర్.కు నేరుగ తగులవు. కాపీరక్షణ గల సెట్‌టాప్ పెట్టె సంకేతమును స్వీకరింపవు.

కొనుటకు ముందు చేయదగిన పరీక్ష సులభమైనది. అంత విలువలేని ఒక టేపును ఎన్నుకొని గంటసేపు పట్టవలెను. చివరి నిమిషములలో డప్పు దెబ్బయు, చేతి కదలికయు కలియుచున్నవా? జారిన చిత్రములెన్ని అని సాఫ్టువేరు చూపుచున్నది? పాల్ అమరికలో 576 వరుసలు నిండుగ వచ్చుచున్నవా? యంత్రములో ఎస్-వీడియో రంధ్రము ఉన్నచో కార్డులో కూడ ఉన్నదా? ఈ నాలుగింటికి తృప్తికరమైన జవాబు రానిదే అమూల్యమైన టేపును దానికి అప్పగింపరాదు.

రిమోటు, ఎఫ్.ఎం. రేడియో, వందల ఛానెళ్ల లెక్క ఇవన్నియు అంగడి అలంకారములు. ట్యూనరు లేని సాదా కాప్చరు పరికరము ఈ ప్రాంతపు అవసరమునకు చాలును. ట్యూనరు కొరకు అదనముగ వెచ్చించు పైకము వృథా. ఆ పైకముతో ఇంకను నడచుచున్న ఒక వి.సి.ఆర్.ను బాగుచేయించి, మూలప్రతులను దాచుటకు రెండు హార్డ్ డిస్కులు కొనుట వివేకము. డిస్కు రేపైనను దొరకును. బూజు పట్టిన టేపులోని గొంతు మరల దొరకదు.