ఎనిమిది మందికి ఒక పళ్ళెం

నలుగురిని భోజనానికి పిలిచిన రోజున ఇంటావిడ ఎప్పుడు తిన్నదో అడిగితే ఆ విందు ఎలా జరిగిందో తెలిసిపోతుంది. మొదటి బంతిలో వచ్చినవాళ్లు, రెండో బంతిలో ఇంట్లో మగవాళ్లూ పిల్లలూ, అందరూ లేచాక చల్లారిన కూరలు సర్దుకుని వడ్డించినవాళ్లు. మనకు తరాలుగా అలవాటైన వరస ఇదే. బఫే వచ్చాక బంతులు పోయాయి గానీ కష్టం పోలేదు. వచ్చినవాళ్లు కంచం చేత పట్టుకుని నిలబడతారు, ఇంటివాళ్లు ఖాళీ అయిన గిన్నెలు నింపుతూ వంటింటికీ హాలుకీ మధ్య తిరుగుతుంటారు. కూర్చుని నాలుగు మాటలు మాట్లాడుకోవాలని పిలిచి, ఆ మాటల్లో పిలిచినవాళ్లకే చోటు లేకుండా చేసుకోవడం ఎంత అన్యాయం! సూరత్‌లో ఝాంపా బజార్ చుట్టుపక్కల ఉండే దావూదీ బోహ్రా ముస్లింల ఇళ్లలో దీనికి ఒక జవాబు ఉంది. పేరు థాల్. ఎనిమిది మంది చుట్టూ కూర్చుని తినే పెద్ద తాంబాళం అది. దాని చుట్టూ ఉన్న ఏర్పాటును శ్రద్ధగా చూస్తే, విందులో తీరిక అతిథుల మంచితనం వల్లో ఇంటావిడ ఓపిక వల్లో రాదని, ముందుగా ఆలోచించి పెట్టుకున్న వరస వల్ల వస్తుందని అర్థమవుతుంది.

సూరత్ అసలే కలిసి తినే ఊరు. భోజనం చేస్తే సూరత్‌లో, చనిపోతే కాశీలో అని గుజరాతీలు సామెత చెబుతారు. చలికాలం రాగానే లేత జొన్న కంకులను నిప్పుల్లో కాల్చి, కొట్టి రాల్చిన పచ్చటి గింజలను పోంక్ అంటూ నిమ్మకాయ, మిరియాల సేవ్‌తో గుంపులుగా కూర్చుని తింటారు. మన పల్లెల్లో ఊచబియ్యం తెలిసినవాళ్లకు ఆ రుచి కొత్త కాదు. శరత్ పూర్ణిమ మర్నాడు చాందీ పడవో. ఆ రాత్రి ఊరంతా మేడల మీదా రోడ్ల పక్కనా దుప్పట్లు పరుచుకుని ఘారీ అనే మిఠాయి, భూసూ అనే కారపు మిశ్రమం పంచుకుంటుంది. అయితే తినే పద్ధతిని ఇంత వివరంగా తీర్చిదిద్దుకున్నవాళ్లు మాత్రం నాకు తెలిసినంతలో బోహ్రాలే. వాళ్ల మతపీఠం 16వ శతాబ్దంలో యెమెన్ నుంచి గుజరాత్‌కు వచ్చింది. తర్వాతి కాలంలో, ముంబైకి మారేదాకా, వాళ్ల గురువులైన దాయీలు చాలాకాలం సూరత్‌లోనే ఉన్నారు. వాళ్ల నివాసమైన దేవడీ ముబారక్ ఇక్కడే ఉంది. 19వ శతాబ్దం మొదట్లో 43వ దాయీ సయ్యద్నా అబ్దే అలీ సైఫుద్దీన్ నెలకొల్పిన విద్యాపీఠం అల్‌జామియా తుస్ సైఫియా కూడా ఇక్కడిదే. ఆయన కాలంలోనే కాఠియావాడ్‌లో కరువు వస్తే, 12 వేల మందిని సూరత్‌కు రప్పించి తిండి, నీడ, పని చూపించారని వాళ్ల చరిత్రలు చెబుతాయి. ఎనిమిదేసి మంది లెక్కన పూటకు 1500 పళ్ళాలన్నమాట. అతిథిని చూసుకోవడం గురించి ఈ సముదాయం చెప్పే మాట అనుభవంలోంచి వచ్చిందని ఆ ఒక్క సంఘటన చాలు, నమ్మడానికి.

ఇంతకీ థాల్ ఎలా పెడతారు? ముందు నేల మీద సఫ్రా అనే గుడ్డ పరుస్తారు. దాని మీద తరక్తి, అంటే పళ్ళేన్ని కొంచెం ఎత్తులో నిలిపే స్టాండు. ఆ పైన థాల్. అది అడ్డంగా మూడున్నర అడుగులు ఉందనుకుంటే అంచు చుట్టుకొలత పదకొండు అడుగులు. ఎనిమిది మందికి పంచితే తలా ఒకటిన్నర అడుగు కూడా రాదు. ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంటే ఇది కుదరదు. అందుకే ఒక మోకాలు పైకి పెట్టి, ఒంటిని కాస్త పక్కకు తిప్పి, కుడిభుజం పళ్ళెం వైపు ఉండేలా కూర్చుంటారు. పక్కవాళ్లు కూడా అలాగే తిరుగుతారు కాబట్టి ఎవరి మోచెయ్యి ఎవరికీ తగలదు. ఇరుకు ఇళ్లలో దీని విలువ తెలుస్తుంది. డైనింగ్ టేబుల్‌తో నలుగురికి సరిపోని గదిలో థాల్ చుట్టూ ఎనిమిది మంది హాయిగా పడతారు. తినడం అయ్యాక స్టాండు తీసి గోడకు ఆనిస్తే మళ్లీ గది గదే. లింబాయత్, ఉధనా వైపు మరమగ్గాల పని మీద తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలున్నాయి. ఒకటి రెండు గదుల్లో కాపురాలు చేసే అలాంటి ఇళ్లకు, చుట్టాలొస్తే ఎక్కడ కూర్చోబెట్టాలన్న దిగులు తీరే మార్గం ఇది.

కూర్చున్నాక చిలమ్‌చీ, లోటా వస్తాయి. ఇంట్లోవాళ్లు ఒకరు లోటాతో నీళ్లు పోస్తుంటే, కింద చిలమ్‌చీ అనే పళ్లెంలాంటి పాత్రలోకి చేతులు కడుక్కుంటారు. ఎవరూ లేచి పంపు దగ్గర వరస కట్టనక్కర్లేదు. తర్వాత బిస్మిల్లా అని తలా చిటికెడు ఉప్పు నాలుక మీద వేసుకుంటారు. భోజనం ముగిశాక కూడా ఉప్పే. శుభకార్యమైతే నెయ్యి, చక్కెర కలిపిన కొద్దిపాటి అన్నం, సోదన్ను అంటారు, ముందు తింటారు. ఆ తర్వాత ఒక తీపి, ఒక కారం, మళ్లీ తీపి, మళ్లీ కారం. వాళ్ల మాటల్లో మిఠాస్, ఖరాస్. చివరికి అన్నమో రొట్టెలో. ఈ వరస నాలుకకు మంచిదని వాళ్లంటారు, కాదనను. నాకు మాత్రం ఇందులో వంటింటి తెలివి ఎక్కువగా కనిపిస్తుంది. మలీదా గానీ, చేత్తో తిప్పే మరలో చేసిన సాంచా ఐస్‌క్రీం గానీ ముందే సిద్ధం చేసి పెట్టుకునేవి. వాటిని తింటున్న పది నిమిషాల్లో సమోసాలు నూనెలోంచి వేడివేడిగా బయటికొస్తాయి. సమోసాల తర్వాత వచ్చే తీపి మళ్లీ తయారుగా ఉన్నదే. ఈలోగా దమ్ మీద ఉన్న అన్నం ఉడికి కుదుటపడుతుంది. ముందుగా చేసుకోగలిగింది ఒకటి, అప్పటికప్పుడు చేయాల్సింది ఒకటి, ఇలా మార్చి మార్చి పెట్టడంతో పొయ్యి మీద ఎప్పుడూ ఒక పనే ఉంటుంది. మనం అన్నీ ఒక్కసారే విస్తట్లో పెట్టాలనుకుంటాం కాబట్టి, అన్నీ ఒక్కసారే వేడిగా ఉండాలన్న అసాధ్యమైన పని నెత్తిన వేసుకుంటాం.

వడ్డనను లెక్క కట్టి చూడండి. ఎనిమిది విస్తళ్లలో ఆరు వంటకాలు వడ్డించాలంటే 48 సార్లు వంగాలి, మారు వడ్డన దీనికి అదనం. థాల్‌లో అయితే ఆరు పాత్రలు ఆరుసార్లు మధ్యలో పెడితే సరి. ఎవరి ముందున్న భాగంలోకి వాళ్లే తీసుకుని అక్కడే తింటారు. ఇంటి మనిషి ఒకరు లేచి పాత్ర తెచ్చి మళ్లీ తన చోట కూర్చోవచ్చు, తర్వాతిసారి మరొకరు లేవచ్చు. ఎనిమిది అనే అంకె కూడా ఊరికే కుదిరింది కాదు. ఇరవై మంది ఉన్న చోట మాటలు ముక్కలు ముక్కలవుతాయి. ముగ్గురే ఉంటే ఒకరు మౌనంగా ఉన్నా బరువుగా ఉంటుంది. ఎనిమిది మంది గుండ్రంగా కూర్చుంటే అవతలివాళ్ల మాట వినబడుతుంది, మొహం కనబడుతుంది. వండే కొలత కూడా ఆ అంకెలోనే ఉంది. సమోసాలు పదహారు, అన్నం ఒక గిన్నె. మరో ఎనిమిది మంది వస్తే మరో థాల్. ఎంత వండాలో తెలిస్తే ఎంత మిగులుతుందో తెలుస్తుంది, ఇక్కడ మిగలకూడదన్నదే నియమం. మెతుకు కూడా వదలకుండా థాల్ తుడిచినట్టు ఖాళీ చేయాలి. పెద్ద విందుల్లో ఆ సంగతి చూడటానికి దానా కమిటీ అని వాలంటీర్లే ఉన్నారు. ఇంకొక చిన్న నియమం నాకు చాలా నచ్చుతుంది. వడ్డన మొదలైన థాల్‌ను ఒంటరిగా వదలకూడదు, ఎవరో ఒకరు దాని దగ్గర ఉండాలి. తిండికి ఇచ్చే గౌరవం అది. ఫోన్ వచ్చిందని అందరూ తలో దిక్కు లేచిపోయే రోజుల్లో మనుషులకు ఇచ్చే గౌరవం కూడా.

విందంటే ఖరీదైన వంటలే అక్కర్లేదనడానికి దాల్ చావల్ పాలీదూ సాక్ష్యం. బోహ్రాలు ఇష్టంగా తినే మామూలు భోజనం ఇది. కందిపప్పును పలుకుగా ఉడికించి నీళ్లు వేరుగా వంచుతారు. పప్పును తాలింపు వేసి అన్నం పొరల మధ్య పరిచి, మూత పెట్టి దమ్ మీద ఉంచుతారు. వంచిన పప్పునీళ్లలో కాస్త శనగపిండి కలిపి, ములక్కాడో సొరకాయో వేసి, పులుపు తగిలించి పల్చగా కాస్తే పాలీదూ. అన్నం మీద పోసుకోవడానికి, గిన్నెతో తాగడానికి కూడా బాగుంటుంది. పప్పు ఒక్కటే, వంటకాలు రెండు. వంచిన కట్టుతో చారు కాచే తెలుగు ఇల్లాలికి ఈ పొదుపు కొత్త కాదు. మనం దాన్ని రోజువారీ వంట అనుకుని చుట్టాలు రాగానే పక్కన పెట్టి, చేయి తిరగని పనీర్ కూరలకు పోతాం. రోజూ చేసే వంటకు ఆదుర్దా ఉండదు. ఆదుర్దా లేని మనిషే వచ్చినవాళ్లతో మాట్లాడగలదు.

ఇన్ని నియమాలున్న చోట తీరిక ఎక్కడిదని ఎవరైనా అడగవచ్చు. నిజమే, ఉప్పు, వరస, కూర్చునే తీరు అంటే పరీక్షలా అనిపిస్తుంది. కానీ నియమం లేని విందులో ఏం జరుగుతుందో మనకు తెలుసు. ముందు ఎవరు కూర్చోవాలి, ఎవరు ముందు చెయ్యి పెట్టాలి, ఇంకొంచెం అడగవచ్చా, లేవవచ్చా అన్న మొహమాటాలు ప్రతి క్షణం నలుపుతుంటాయి. థాల్ దగ్గర ఈ ప్రశ్నలన్నిటికీ ఎప్పుడో జవాబు దొరికింది. కొత్తగా వచ్చిన మనిషి కూడా పక్కవాళ్లను చూసి రెండు నిమిషాల్లో నేర్చుకోగలంత సులువైన జవాబులవి. వద్దన్నా వినకుండా కొసరి కొసరి వడ్డించే మన ప్రేమ నుంచి కూడా అతిథికి ఇక్కడ రక్షణ ఉంది. తనకు కావలసినంతే తన వైపుకు తీసుకుంటాడు.

మనవాళ్లకు అసలు అడ్డు ఎంగిలి. ఒకే పళ్ళెంలో ఎనిమిది చేతులా అన్న జంకు చిన్నది కాదు, దాన్ని కొట్టిపారేయను. అందులో శుభ్రత గురించిన మంచి ఆలోచన ఉంది. దాంతోపాటు ఎవరు ఎవరితో కలిసి తినవచ్చు, ఎవరు తినకూడదు అని గీసిన గీత కూడా ఉంది. మొదటిదాన్ని ఉంచుకుని రెండోదాన్ని వదిలేయాలి. శుభ్రతకు దారులున్నాయి. చేతులు అందరి ముందే కడుగుతారు, తీసుకోవడానికి గరిటె వాడవచ్చు, ఎవరి భాగం వాళ్లదే. జలుబు, జ్వరం ఉంటే వేరే కంచం పెట్టుకోవడం ఎవరింట్లోనైనా ఇంగితమే. ఇక కలిసి తినడమంటారా, హైదరాబాద్ బార్కస్‌లో యెమెన్ మూలాలున్న కుటుంబాల మధ్య ఉన్న మండీ అనే మాంసం అన్నం ఇప్పుడు తెలుగు ఊళ్లన్నిటికీ పాకింది. ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని అన్నం పంచుకుంటున్న కుర్రవాళ్లు ఏ కులంవాళ్లో ఎవరూ అడగడం లేదు. హోటల్లో డబ్బిచ్చి చేస్తున్న పనికి ఇంట్లో సంకోచం దేనికి?

ఇంకా బలమైన అభ్యంతరం ఆడవాళ్ల చాకిరీ గురించి. ఎంత గుండ్రంగా కూర్చున్నా వండినది ఎవరు? బోహ్రాల ఇళ్లలోనూ వంట ఎక్కువగా ఆడవాళ్లదే, పెద్ద సామూహిక విందుల్లో ఆడా మగా వేరువేరుగా కూర్చోవడం కూడా ఉంది. థాల్ ఒక్కటే ఇంటి న్యాయాన్ని మార్చేస్తుందని నేననను. అయితే ఆ సముదాయం ఫైజుల్ మవాయిద్ అల్ బుర్హానియా పేరుతో ఉమ్మడి వంటశాలలు పెట్టి, ఇంటింటికీ టిఫిన్ డబ్బాలు పంపుతోంది. రోజూ వండే బరువు ఆడవాళ్ల మీద తగ్గాలన్నది ఆ ఏర్పాటు ఉద్దేశాల్లో ఒకటి. ఇంటి మట్టుకు చూసినా, వడ్డించిన మనిషి అందరితోపాటు వేడి అన్నం తినగలగడం చిన్న మార్పేమీ కాదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు ఎత్తు స్టాండు మీద థాల్ పెట్టి చుట్టూ కుర్చీలు వేస్తే సరిపోతుంది. నాకు తేలిగ్గా జవాబు దొరకనిది ఒక్కటే, తిండి తేడాలు. ఒకరు మాంసం తింటారు, ఒకరు తినరు, ఒకరికి చక్కెర జబ్బు, ఇంకొకరికి వేరుశనగ పడదు. ఒకే పళ్ళెం ఇన్నిటిని మోయలేదు. అందరికీ సరిపడేదే వండాలి, లేకపోతే రెండు థాల్‌లు పెట్టాలి. దానికోసం పిలిచేటప్పుడే అడిగి తెలుసుకోవాలి.

శాకాహారులు ఎక్కువగా ఉన్న బృందానికి సూరత్ చలికాలం ఎంతో వెసులుబాటు ఇస్తుంది. డిసెంబర్, జనవరిల్లో సూర్తీ పాప్డీ చిక్కుళ్లు, ఊదారంగు పెండలం, చిలగడదుంప, చిన్న వంకాయలు, అరటి, ముఠియాలు అనే ఉండలకు మెంతికూర, పచ్చి వెల్లుల్లి కాడలు, కొత్తిమీర, కొబ్బరి అన్నీ దొరుకుతాయి. వీటితో ఉంధియూ అనే కూర సాయంత్రానికల్లా చేసి పెట్టుకోవచ్చు. నిదానంగా ఊరే కొద్దీ దాని రుచి పెరుగుతుంది. తీపికి ముందురోజు చేసిన బొబ్బట్టో, రవ్వ కేసరో. వేడిగా వేయించుకోవడానికి పోంక్ వడలు, అవి తప్ప ఆ వేళకు పొయ్యి మీద పెట్టాల్సింది అన్నం ఒక్కటే. చివర చల్లటి మజ్జిగ. పళ్ళెం విషయానికి పెళ్లిళ్ల సామాన్లు అద్దెకిచ్చే దుకాణంలో పెద్ద స్టీలు తాంబాళం అడగవచ్చు. తరక్తి లేకపోతే బోర్లించిన వెడల్పాటి గిన్నె మీద పెట్టి, కదలకుండా కింద తడిగుడ్డ వేస్తే నిలబడుతుంది. ఎనిమిదిమంది ఎనిమిదింటికి కూర్చుంటే తొమ్మిదిన్నరకు థాల్ ఖాళీ అవుతుంది. కడగాల్సింది ఒక పళ్ళెం, నాలుగు గిన్నెలు.