మేనరికం చాటున మిగిలిన ప్రశ్నలు: పుట్టుకతో వచ్చే గుండె లోపాల కారణ విచారణ

వెయ్యి జననాల్లో సుమారు ఎనిమిదింటిలో కనిపించే గుండె లోపాలకు, అధిక సందర్భాల్లో, ఏకైక కారణాన్ని చూపడం సాధ్యం కాదు. అయినా వైద్యవిషయక రచనల్లో ‘కారణాలు’ అన్న శీర్షిక కింద మేనరికం, తల్లి మధుమేహం, రుబెల్లా, పురుగుమందులు ఒకే వరుసలో నిలుస్తుంటాయి. ఇలా ఒకే గాటన కట్టడమే అభ్యంతరకరం. రుబెల్లా సోకిన తల్లుల శిశువుల్లో కంటి శుక్లాలను, గుండె లోపాలను నార్మన్ గ్రెగ్ 1941లో గుర్తించాడు. అది రూఢి అయిన కారణం, టీకాతో నివారించదగినది. పురుగుమందుల సంగతి వేరు. 1981-89 నాటి బాల్టిమోర్-వాషింగ్టన్ శిశు అధ్యయనం తల్లిదండ్రులిద్దరినీ విచారించి, కలుపుమందులు, ఎలుకమందులతో తల్లికి కలిగిన సంపర్కానికీ, గుండె నుంచి వెలువడే ప్రధాన ధమనులు తారుమారయ్యే లోపానికీ సంబంధాన్ని చూపింది. సంబంధం కారణం కాదు. పైగా లోపమున్న బిడ్డ తల్లి తన గర్భకాలాన్ని తవ్వుకున్నంతగా ఇతర తల్లులు తవ్వుకోరు.

ఇటువంటి ఫలితాలను పూర్వపు కృష్ణా జిల్లా మెట్టలోని చందర్లపాడుకు అన్వయించాలంటే ప్రశ్నావళినే మార్చాలి. పత్తి, మిర్చి పండే ఈ ప్రాంతంలో మందు కొట్టేది ఎక్కువగా పురుషులు. కలుపుతీత, పత్తితీత, మిరపకోత స్త్రీల పనులు. ‘వ్యవసాయ కూలీ’ అన్న ఒక్క మాట ఈ తేడాను చెరిపేస్తుంది. స్ప్రేయర్ మోసిన భర్తకూ, అతని బట్టలు ఉతికిన భార్యకూ, మందు కొట్టిన మర్నాడే చేలో దిగిన కూలీకీ కలిగే సంపర్కం ఒకటి కాదు. శిశువు గుండె ప్రధానంగా మూడు నుంచి ఎనిమిది వారాల మధ్య రూపొందుతుంది; చాలామందికి గర్భం నిర్ధారణ అయ్యేసరికే అందులో కొంత గడిచిపోతుంది. కనుక ఏ నెలలో, ఏ చేలో, ఏ మందు అన్నది అడగక తప్పదు. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో నిషేధించింది; అంతకు ముందరి కాన్పులనూ తరువాతి కాన్పులనూ కలిపి లెక్కించడం కూడా పొరపాటే.

మేనరికం ప్రభావాన్ని తోసిపుచ్చనక్కరలేదు. అయితే అది ఒక్క మాటతో జవాబు వచ్చే ప్రశ్న. అందుకే ప్రతి పట్టికలోకీ సులువుగా చేరుతుంది. మేనరికపు దంపతులు రక్తంతో పాటు తరచుగా ఊరినీ, నీటినీ, చేనునూ పంచుకుంటారు. వీటిని విడదీయని విశ్లేషణ పరిసరాల భారాన్ని వంశం మీదికి నెడుతుంది. తండ్రిని చుట్టరికం మాత్రమే అడిగి వదిలేసే విచారణ మరింత లోపభూయిష్ఠం.

ఆధారపత్రాల ఎంపికలోనూ ఇదే చిక్కు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ శస్త్రచికిత్సల లెక్క ఇస్తుంది. రోగనిర్ధారణకు ముందే, పురిటింట్లోనే కన్నుమూసిన శిశువు ఆ లెక్కలోకి రాదు.