‘స్నో వైట్’: కనిపించే శ్రమ, కనిపించని శ్రామికులు

పిల్లల బొమ్మల చిత్రాన్ని గురించి సాహిత్య పత్రికలో రాయవలసిన అవసరమేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. మన కథలనూ నవలలనూ ఏ గీటురాయి మీద పరీక్షిస్తున్నామో, పసిమనసుల్లో లోకాన్ని గురించిన తొలి ఊహలు నాటే కథను కూడా దాని మీదనే పరీక్షించాలి. అందుకు డిస్నీ సంస్థ మొదటి పూర్తి నిడివి బొమ్మల చిత్రం ‘స్నో వైట్ అండ్ ది సెవెన్ డ్వార్ఫ్స్’ (1937)ను తీసుకుంటున్నాను.

మా తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ చిత్రం చూపించి, వాళ్ళు నోరు విప్పకముందే నా తీర్పు చెప్పేశాను. పరాయివాళ్ళ ఇల్లు కనిపించగానే రాకుమార్తె చీపురు పట్టుకుంటుంది, ఆడపుట్టుక చాకిరీకేనని నేర్పే కథ ఇది అన్నాను. వెనక వరుసలోంచి ఒక అమ్మాయి లేచింది. ఆమె తల్లి నాలుగిళ్ళలో పాచిపని చేస్తుంది. “ఆ పిల్ల ఊరికే చెయ్యలేదు మాస్టారూ. ఉండడానికి చోటు లేదు. చేస్తే ఉండనిస్తారేమోనని చేసింది” అంది.

చిత్రాన్ని మళ్ళీ చూశాను. ఆ అమ్మాయి మాటే నిజం. మొదట్లోనే స్నో వైట్ చింకిబట్టలతో కోట మెట్లు కడుగుతూ కనిపిస్తుంది. సవతితల్లి ఆమెను దాసీని చేసింది. అడవిలో ఇల్లు శుభ్రం చేసేముందు, ఇలా చేస్తే ఉండనిస్తారేమోనని జంతువులతో పైకే అంటుంది. మరుగుజ్జులు రాగానే ఉతుకుతాను, కుడతాను, ఊడుస్తాను, వండుతాను అని బేరం పెడుతుంది. నేను దాస్యబుద్ధి అనుకున్నది నిలువనీడ లేని మనిషి బేరం. స్త్రీ పాత్ర చేతిలో చీపురు చూడగానే తీర్పు చెప్పే తొందర మన విమర్శకులలో చాలామందికి ఉంది. నాకూ ఉంది.

అయితే చిత్రం ఈ బేరాన్ని బేరంగా నిలవనివ్వదు. 1812లో అచ్చయిన గ్రిమ్ సోదరుల కథలో షరతు పెట్టేది ఇంటివాళ్ళైన మరుగుజ్జులు. వండాలి, పక్కలు వేయాలి, ఉతకాలి, కుట్టాలి, అప్పుడే ఉండవచ్చు. అక్కడ ఇచ్చేవాడెవరో, చేసేదెవరో స్పష్టం. చిత్రంలో ఇంటివాళ్ళ షరతు మాయమైంది. ఆమె అవసరం ఆమె మంచితనంగా మారింది. పైగా లేళ్ళూ ఉడతలూ పక్షులూ సాయంపట్టగా ఆ పని పాటతో ముగుస్తుంది.

గని సంగతీ ఇంతే. మరుగుజ్జులు పొద్దస్తమానం వజ్రాలు తవ్వి, కొట్లో పోసి తాళం వేసి, తాళంచెవి తలుపు పక్కనే తగిలించి ఇంటికి పోతారు. ఎందుకు తవ్వుతున్నారో తమకే తెలియదని పాడుకుంటారు. ఆ గనికి యజమాని లేడు, కూలి లేదు, బజారు లేదు. అమెరికా ఆర్థిక మాంద్యం నుంచి ఇంకా తేరుకోని రోజుల్లో ప్రేక్షకులకు చూపిన గని అది!

ముగింపులో మార్పు మరీ గమనించదగింది. గ్రిమ్ తొలి ముద్రణలో శవపేటికను మోసి మోసి విసిగిన నౌకరు ఒకడు ఆమె వీపు మీద చరుస్తాడు, గొంతులోని ఆపిల్ ముక్క బయటపడుతుంది. తర్వాతి ముద్రణల్లో మోసేవాళ్ళ కాలు పొదకు తగిలి పేటిక కుదురుతుంది. ఎలా చూసినా ఆమెను లేపింది బరువు మోసేవాళ్ళే. చిత్రంలో ఆ ఘనత రాకుమారుడి ముద్దుకు దక్కింది.

తెర వెనకకూ చూద్దాం. పురుషులు గీసిన బొమ్మలను సెల్యులాయిడ్ రేకుల మీదికి సిరాతో ఎక్కించి రంగులు నింపింది స్త్రీలు. వాళ్ళ పేర్లు తెర మీద లేవు. సృజనాత్మకమైన పని యువకులదేనని, అమ్మాయిలను శిక్షణకు తీసుకోమని సంస్థ 1938లో ఒక అభ్యర్థినికి ఉత్తరం రాసింది. చిత్రం మొదట్లో డిస్నీ తన సిబ్బంది విధేయతకు కృతజ్ఞత చెప్పుకున్నాడు. 1941 మే నెలాఖరులో ఆ సిబ్బందిలో వందలాది మంది సమ్మెకు దిగారు. క్రూరురాలైన రాణి బొమ్మకు చలనం ఇచ్చిన ఆర్ట్ బాబిట్ సంఘం పనివల్ల ఉద్యోగం పోగొట్టుకుని, సమ్మెలో ముందు నిలిచాడు. 1947లో డిస్నీ అమెరికా ప్రతినిధుల సభ విచారణ సంఘం ఎదుట ఆ సమ్మెను కమ్యూనిస్టులకు అంటగట్టాడు. పాడుకుంటూ పనిచేసే శ్రామికులను తెర మీద ముచ్చటగా చూపినవాడు, హక్కులడిగే శ్రామికులను తన గేటు దగ్గర సహించలేకపోయాడు.

ఇందులోని చిత్రకళ గొప్పదనడంలో సందేహం లేదు. స్నో వైట్ అడవిలో పరుగెత్తే ఘట్టంలో చెట్ల కొమ్మలే చేతులై పట్టుకోబోతుంటే నాకే గుండె జల్లుమంది. పిల్లలకు ఈ చిత్రం చూపవద్దని నేననను. చూపించాక రెండు ప్రశ్నలు అడుగుదాం: పని ఎవరు చేశారు? ఫలితం ఎవరికి దక్కింది? వాళ్ళ జవాబులు వినేదాకా మన తీర్పు మన దగ్గరే ఉంచుకుందాం.