పాతింట్లో కొత్త మడిగె

కోరుట్ల బజారులో పాత పెంకుటింటి ముందర్రను మడిగె చేసి, వెనకా పైనా కాపురం ఉండాలనుకుంటే కూల్చేవాడు కాదు, నిలిపే మేస్త్రీ కావాలి.

అతను ముందు గోడను వేళ్ళతో కొట్టి వింటాడు. డొల్ల మోగినచోట బొగ్గుతో గీత గీస్తాడు. ఊడగొట్టేది ఆ గీత వరకే, జానెడు కూడా ఎక్కువ కాదు. "సారూ, దీనికి సిమెంటు పుయ్యకుండ్రి, లోపలి చెమ్మ బయటికి రాదు" అన్నాడు నాతో అలాంటి మేస్త్రీ ఒకాయన. నిజమే. సున్నం తడిని పీల్చి వదిలేస్తుంది. సిమెంటు లోపలే పట్టి ఉంచుతుంది, ఆనక పెచ్చులు లేస్తాయి.

షట్టరుకు గోడ తెరవడంలోనే అసలు పనితనం. దూలం కింద మొద్దులు పోటు పెట్టి, గర్డరు ఎక్కించాకే కింది రాయి కదిలిస్తాడు. తీసిన టేకు దర్వాజ పారేయడు, మెట్లదారికి కుదురుస్తాడు.

సిరిసిల్లలో కొన్ని ఇళ్లల్లో కింద సాంచలు, అంటే మరమగ్గాలు, పైన సంసారం. అక్కడ గోడ సాంచల అదురునూ ఓర్చుకోవాలి.

జగిత్యాలలో 1747 నాటి నక్షత్రాకారపు కోటను జాక్, తాల్ అనే ఫ్రెంచి ఇంజనీర్లు కట్టారనీ, ఊరి పేరు వాళ్ళదేననీ చెప్పుకుంటారు. మా మేస్త్రీకి ఆ దొరలతో పనిలేదు. గూన పెంకుల వరసలో వెలుతురు చుక్క కనబడిందంటే, అన్నం ముద్ద పక్కన పెట్టి నిచ్చెనెక్కుతాడు.